బతికున్నవాళ్ళ గోడ

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో ఎవరి ఫోటో అయినా గోడకెక్కి, దాని కింద చిన్న బల్బు వెలిగిందంటే ఆ మనిషి ఇక లేనట్టే లెక్క. బతికున్నవాళ్ళ ఫోటోలు బీరువాలో, చీరల కింద, ఆల్బమ్‌లో పడి ఉండేవి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, దోహాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మ్యూజియంలో మా బాపమ్మ చేసిన గొడవ అప్పుడే మీకు అర్థమవుతుంది. వింటే ముందు నవ్వొస్తుంది. నవ్వండి, నేనూ నవ్వాను.

బాపు అంటే మా నాన్న. బాపమ్మ అంటే ఆయన్ను కన్నతల్లి. మాది జగిత్యాల దిక్కు. ప్రపంచకప్ వస్తోందని ఖతార్ దేశాన్నంతా తవ్వి పోసిన రోజులవి. నిన్న పోయిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. బాపు మొదట మెసయీద్‌లో హెల్పర్‌గా చేరి, ఎండలో మాడి మాడి ఫోర్‌మెన్ అయ్యి, అప్పుడు అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. ఎత్తయిన కట్టడాల చుట్టూ ఇనుప పైపులు బిగించి, మనుషులు నిలబడి పనిచేయడానికి పలకలు పరిచే పని ఆయనది. ఆ క్లబ్బు వాళ్ళ స్టేడియం పెంచుతుంటే అక్కడే డ్యూటీ.

బాపు కింద పనిచేసేవాళ్ళలో మా ఊరి మనిషి ఒకడుండేవాడు. మా వాడకట్టే, నాలుగిళ్ళ అవతల. బాపే వీసా తెప్పించి పిలిపించుకున్నాడు. వరుసకు నాకు కాక, అంటే చిన్నాన్న. ప్రతి శుక్రవారం పనివాళ్ళ క్యాంప్ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ బియ్యప్పిండిని గిన్నెకు అద్ది సర్వప్ప కాలిస్తే అంచులు కరకరలాడేవన్నీ ఆయనే తినేసి, మెత్తటి నడిమి ముక్క నాకు వదిలేవాడు. నేను ఏడుస్తే భుజాల మీద ఎక్కించుకుని గదంతా తిప్పేవాడు. మా గదే ఎంత, నాలుగు అడుగులేస్తే గోడ తగిలేది. అయినా నాకు అది పెద్ద ఊరేగింపు. వాళ్ళ అవ్వకు, అంటే అమ్మకు, ఫోన్ చేసినప్పుడు మాత్రం ఏసీ ఆఫీసులో కూర్చునే పని అని ఒక్క తడబాటు లేకుండా చెప్పేవాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒక శుక్రవారం తిన్న తర్వాత కాక చేతులు తుడుచుకుంటూ బాపును అడిగాడు. "అన్నా, ఒక్క నెల పోయొస్త. అవ్వకు కండ్ల ఆపరేషన్ ఉన్నది." బాపు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఇప్పుడు గాదు తమ్మీ. స్టేడియం అప్పజెప్పనీ, నేనే పంపిస్త" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. పైనుంచి ఆయన మీదా ఒత్తిడి ఉండేది, అంత ఎత్తున భయం లేకుండా పైపు బిగించేవాడు దొరకడం కష్టమయ్యేది. నేనైతే ఎగిరి చప్పట్లు కొట్టాను. "కాక పోడు! కాక పోడు!" అని. అల్ షహానియాలో ఒంటెల పందెం చూపిస్తానని నాకు మాటిచ్చాడు మరి, ఊరికి పోతే ఆ మాట ఏం కావాలి? కాక నవ్వి, "చూసినవా అన్నా, గీమె గూడ నీ పార్టే" అంటూ నన్ను ఎత్తుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున క్యాంప్‌లో అందరూ డ్యూటీ బస్సుకు లేచారు, కాక లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. బాపు ఆస్పత్రికీ ఆఫీసులకూ తిరిగి పెట్టెను విమానం ఎక్కించాడు కానీ, దాని వెంట తాను ఎక్కలేదు. ఆ తర్వాత సెలవులు వచ్చాయి, పోయాయి. బాపు ఊరికి పోలేదు. అడిగితే పని అనేవాడు, టికెట్లు దొరకలేదనేవాడు. ఇంట్లో కాక పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు. ఆయన ఎవరి గడప తొక్కలేక ఊరు మానుకున్నాడో అమ్మకు తెలుసు. అమ్మ మొహం చూసి నాకూ తెలిసిపోయింది.

కొడుకు రాకపోతే తల్లి ఊరుకుంటుందా? "నువ్వు రావు గద, నేనే దుబాయ్ వస్త" అని బాపమ్మ విజిట్ వీసా మీద దిగింది. ఇది దుబాయ్ కాదు ఖతార్ అని నేను ఎంత మొత్తుకున్నా, ఆమెకు సముద్రం దాటితే అంతా దుబాయే. వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట. "కొడుకా, పోరడు పని చేసిన జాగ ఏదిరా, ఒక్కసారి సూపియ్యి." ఆమె అడిగేది కాక సంగతే. బాపు ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి, జనం కూర్చుని ఆట చూసే పాత స్టాండు కింద క్లబ్బు వాళ్ళు మ్యూజియం తెరిచి, ఒక శుక్రవారం పనివాళ్ళ కుటుంబాలను కూడా రానిస్తామంటే, అక్కడికి తీసుకుపోయాడు. కాక ఎక్కిన తూర్పు స్టాండు వైపు మాత్రం కారు కూడా తిప్పలేదు. చల్లగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, ముసలామె మురిసిపోతుంది అనుకున్నాడేమో.

కారులో నేను బాపమ్మకు పెద్ద పంతులమ్మలాగా అంతా వివరించాను. బాగా ఆడిన ఆటగాళ్ళను ఏరి, వాళ్ళ ఫోటోలు గోడకు పెట్టి గౌరవిస్తారని, వాళ్ళ బూట్లూ చొక్కాలూ అద్దాల్లో దాస్తారని, మా బడిలో చెప్పిందంతా అప్పజెప్పాను. ఆమె ఊఁ కొడుతూ కిటికీలోంచి క్రేన్లు చూస్తూ కూర్చుంది. నా మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసిందనే అనుకున్నాను.

మ్యూజియం గుమ్మం దగ్గరే బాపమ్మ చెప్పులు విడిచేసింది. నాకు తల తీసేసినట్టయింది. మా క్లాసు పిల్లలు ఎవరైనా చూస్తారేమోనని దిక్కులు చూశాను. లోపల చీకటి, ఏసీ చలి, అద్దాల పెట్టెల్లో మాత్రం వెలుతురు. ఒకదాంట్లో గోల్‌కీపర్ చేతి తొడుగులు, వేళ్ళ దగ్గర చినిగి ఉన్నాయి. ఇంకోదాంట్లో మొట్టమొదటి జట్టు చొక్కా, చంకల్లో పసుపు మరకతో సహా. మరోచోట బూట్లు, అడుగున ఇంకా ఇసుక ఉంది. బాపమ్మ ఒక్కోటీ చూసి చ్చొ చ్చొ అంటూ నడిచింది. "ఇడిసిన బట్టలు గూడ పారెయ్యకుండ దాసుకున్నరు. ఎంత పావురమో పాపం." పావురమంటే మా దిక్కు ప్రేమ.

ఆ తర్వాత వచ్చింది అసలు గోడ. నిలువెత్తు ఫోటోలు, ఒక్కోదాని కింద ఒక్కో చిన్న దీపం. ఫోటో కింద రెండు సంవత్సరాలు, మధ్యన ఒక గీత. ఏ సంవత్సరంలో జట్టులో చేరాడు, ఏ సంవత్సరంలో ఆట మానేశాడు అని. బాపమ్మకు అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. మా ఊళ్ళో చావు ఫ్లెక్సీల మీద కూడా సరిగ్గా అలాగే రెండు సంవత్సరాలు వేస్తారు కదా. ఆమె గోడ ముందు నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని, అందరూ వినేలా ఏడుపు అందుకుంది. "గింత చిన్న వయసుల ఎట్ల వోయిండ్రురా ఈళ్ళంత? ఏ తల్లులు కన్న బిడ్డలో!"

నేను ముందు నవ్వాను, తర్వాత సిగ్గుతో చచ్చాను. ఆమె చెయ్యి పట్టి గుంజాను. అదృష్టమో దురదృష్టమో, ఆ ఫోటోల్లోని మనిషి ఒకాయన అక్కడే ఉన్నాడు. తోబ్ అనే తెల్లటి పొడుగు అరబ్బు అంగీ, ముందుకొచ్చిన బొజ్జ, తన ఫోటో పక్కనే నిలబడి పిల్లలతో సెల్ఫీలు దిగుతున్నాడు. "బాపమ్మా, అదిగో ఆయనే ఈయన! అందరూ బతికే ఉన్నారు, ఏడవకు!" అని చూపించాను. ఆమె ఏడుపు ఆపి, ఆయన్నీ ఫోటోనీ మార్చి మార్చి చూసింది. ఆపైన మెల్లగా బాపు వైపు తిరిగింది.

"బత్కి ఉన్నోళ్ళకే గిన్ని దీపాలు వెట్టిండ్రు. మరి పోయినోడిది ఏడున్నదిరా కొడుకా? మన పోరనిది?"

బాపమ్మ నడుము దగ్గర దోపుకున్న గుడ్డ సంచి విప్పి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన చిన్న ఫోటో తీసింది. కాక ఫోటో. వాళ్ళమ్మ ఇచ్చి పంపిందట, తన కొడుకు పని చేసిన చోట ఒక్క గడియ పెట్టి రమ్మని. ఆమె వంగి ఆ ఫోటోను గోడ అంచుకు, ఆ పెద్ద ఫోటోల పాదాల దగ్గర ఆనించి పెట్టింది. గార్డు వచ్చాడు. నేపాలీ కుర్రవాడు. హిందీలో, "అమ్మా, ఇక్కడేమీ పెట్టకూడదు" అని మొదలుపెట్టి, ఫోటో చూశాడు, బాపు మొహం చూశాడు. మాట అక్కడే ఆపేసి, మాకు వీపు తిప్పి, ఇంకెవరూ ఇటు రాకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఆ కుర్రవాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అప్పుడు బాపు నేల మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "పోతనన్నడమ్మా. అవ్వ ఆపరేషన్‌కు పోతనన్నడు. నేనే ఆపిన. పోయుంటే అవ్వ పక్కనన్న ఉండేటోడు. నేనే ఆపిన." అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. నేను నా రెండు చేతులూ వెనక దాచుకున్నాను. ఆ రోజు చప్పట్లు కొట్టిన చేతులు కదా, అవి అందరికీ కనిపిస్తున్నట్టే అనిపించింది.

బాపమ్మ ఆయన తల నిమరలేదు. "నీ తప్పేం లేదు" అని కూడా అనలేదు. "నాకెందుకు చెప్తున్నవ్ రా? ఆమెకు చెప్పు" అంది, అంతే. బాపు లేచి, ఆ ఫోటో తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు బాపమ్మ సర్వప్పకు పిండి కలుపుతుంటే దగ్గర చేరాను. నాకో అనుమానం పురుగులా తొలుస్తోంది. "బాపమ్మా, వాళ్ళు బతికున్నోళ్ళని నేను కారులోనే చెప్పాను కదా? మరి అట్లెందుకు ఏడ్చావు?" అన్నాను. ఆమె పిండి వత్తుతూనే, "చెప్పినవ్ బిడ్డా. మంచిగనే చెప్పినవ్" అంది. ఇంకాస్త నీళ్ళు చిలకరించి, "అడిగితె చెప్పెటోడు గాదు మీ బాపు. ఇన్నొద్దులు అడిగి చూసిన. ఏడిస్తెనే చెప్పిండు" అంది. "అయితే దొంగ ఏడుపా?" అంటే నా వీపు మీద పిండి చేత్తో ఒక్కటి వేసింది. ఏడుపెక్కడైనా దొంగది ఉంటుందా, పొరపాటు పడ్డట్టు నటించిందే దొంగదని తిట్టింది.

ఆ సెలవుల్లో అందరం ఊరికి పోయాం. బాపు సామాను దింపగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, నన్ను వెంటపెట్టుకుని కాక వాళ్ళింటికి నడిచాడు. ఒక్కడే పోవడానికి ధైర్యం చాల్లేదని ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆపరేషన్ అయ్యి చూపొచ్చింది, మందపాటి అద్దాలు పెట్టుకుంది. గోడ మీద కాక ఫోటో, కింద ఎర్ర బల్బు. బాపు నిలబడే చెప్పాడు, మ్యూజియంలో చెప్పినట్టే. ఆమె చేతిలోని చీపురు పుల్లను ముక్కలు ముక్కలుగా విరిచింది.

"కోపం లేదననురా. ఉన్నది," అంది చివరికి. "ఆపినవ్, అదొక కోపం. ఇన్నొద్దులు మొఖం సూపియ్యకపోతివి, అది ఇంక పెద్ద కోపం. వాడు ఏం తిన్నడో, ఎట్ల నవ్విండో నాకు చెప్పెటోళ్ళు నువ్వు గాకుంటె ఎవలున్నరు?"

అప్పుడు గాని బాపుకు తెలియలేదు, తాను దాచుకుంది తన సిగ్గు ఒక్కదాన్నే కాదని. ఆ తల్లికి చెందాల్సిన కొడుకు రోజులన్నీ ఈయన దగ్గరే ఉండిపోయాయి. గడపలోనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే మొదటి పైపును కళ్ళకద్దుకుని ఎక్కేవాడని, పైనుంచి కిందివాళ్ళను పేర్లు పెట్టి పిలిచి నవ్వించేవాడని. "ఎక్కుడేందిరా? నాతోని ఏసీ ఆఫీసన్నడు, దొంగ పోరడు!" అని ఆమె ఏడుస్తూనే నవ్వింది. పొద్దు వాలేదాకా చెప్తూనే ఉన్నాడు. మధ్యలో ఆమె నా వైపు తిరిగి, "నువ్వేం చూసినవ్ బిడ్డా మా పోరన్ని?" అంది.

భుజాల మీద ఊరేగింపు చెప్పాను. సర్వప్ప అంచులు చెప్పాను. ఇక ఆగలేకపోయాను. బాపు వద్దన్న రోజు, కాక పోడని నేను చప్పట్లు కొట్టానని చెప్పేసి, భోరుమన్నాను. ఆమె కొడుతుందనే అనుకున్నాను. కొడితే బాగుండనీ అనుకున్నాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, ఆ మందపాటి అద్దాల వెనక నుంచి నా చేతుల వైపు చూసింది.

"గంత పావురమా నీకు వాడంటె? పోవద్దని చప్పట్లు గొట్టినవా? ఏది, ఎట్ల గొట్టినవ్? మళ్ళొక్కసారి కొట్టు బిడ్డా, నేను వింట."

కొట్టాను. ఏడుస్తూనే కొట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వింది.

ప్రపంచకప్ వచ్చింది, టీవీలో జనం గొంతు పగిలేలా అరిచారు, ఆ సంబరమూ అయిపోయింది. నేనూ పెద్దదాన్నయ్యాను. ఎవరి ఇంట్లో మనిషి పోయినా, నాకు ఎంత మొహం చెల్లకపోయినా, ముందు పోయి నాకు తెలిసిందంతా వాళ్ళకు చెప్పి వస్తాను. ఆ బుద్ధి ఆ గోడ దగ్గర వచ్చిందే. చప్పట్ల సంగతి మాత్రం ఇప్పటికీ అంతే. పెళ్ళి గానీ, కాలేజీ ఫంక్షన్ గానీ, అందరూ కొడుతుంటే నా చేతులు కాస్త ఆలస్యంగా కలుస్తాయి. ఎక్కడో ఒక గడపలో కాక వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని వింటున్నట్టే ఉంటుంది.