గోడ తట్టిన పెద్దాయన

నాన్నను తీసుకుని దోహాలో తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పటి మాట. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మెట్రో ఎక్కడానికి నేల కింది స్టేషన్‌లోకి దిగాం. ప్లాట్‌ఫారం మీద ఒక తెల్ల ముసలాయన చేతికర్రతో గోడను తడుతూ, చెవి పెట్టి వింటున్నాడు. నాకు నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు. గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషాయన.

"బాయిల దిగినోడే బిడ్డా. అడుగు, కావాల్నంటే."

అడిగాను. నిజమే. ఆయనది హంగేరీ. ఇరవై ఏళ్ళప్పుడు అమెరికా బొగ్గు గనులకు వలస వెళ్ళి, అక్కడే ముసలివాడయ్యాడు. దోహాలో టీచరుగా ఉన్న కూతురిని చూడటానికి వచ్చాడట.

"గనిలో తలపైన రాతి కప్పు గట్టిదైతే, తడితే ఖంగుమంటుంది. ఊడబోయేది బోలుగా మోగుతుంది," అన్నాడు. "వెళ్ళిన కొత్తలో ఒకరోజు బోలుగా మోగింది. పరిగెత్తండని చెప్పడానికి నాకు ఇంగ్లీషు రాదు. పక్కనున్న ఇద్దరినీ చొక్కాలు పట్టుకుని ఈడ్చుకొచ్చాను. వాళ్ళు నన్ను తిడుతుండగానే వెనక కప్పు కూలింది."

ఇదంతా నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి, వేలి కణుపులతో రెండుసార్లు తట్టి విన్నాడు. తర్వాత ఆ పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"గట్టిగనే ఉన్నది. రైలెక్కుదాం పాండ్రి."

ఒక్క ముక్క తెలుగు రాని ఆ మనిషి తలూపి, అప్పుడు కర్ర దించాడు.