రాళ్లవాన సంగతి అడిగే సార్

మంగళవారం పొద్దున సార్ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. అలవాటుగా "ఇక్కడ మబ్బు లేదు సార్" అన్నాను. అవతల వాళ్లమ్మాయి ఏడుస్తోంది. "నాన్న పోయిండు అక్కా."

ఆయన మాకు కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక ఎండాకాలం ఉరిమితే చాలు, పాలకుర్తి నుంచి డోర్నకల్ దాకా ఉన్న పాత శిష్యులకు ఫోన్లు చేసేవారు. గాలి ఎటునుంచి? రేకులు లేచాయా? రాళ్లు పడితే రేగుపండంతా, నిమ్మకాయంతా? అన్నీ రాసి హైదరాబాదులో వాతావరణం వాళ్లకు పంపేవారు. "రాడార్ మబ్బుల ఏమున్నదో చూస్తది బిడ్డా. కింద ఏం పడ్డదో మనం చెప్తేనే, వాళ్లు రేపటిది జర మంచిగ చెప్తరు" అనేవారు. కాజీపేటలో బట్టలు కుట్టుకునే నేను కూడా ఆయన దృష్టిలో సైంటిస్టునే.

ఒకసారి పెళ్లి బ్లౌజుల తొందరలో ఉండగా అడిగారు, "రాళ్లు పడ్డయా?" తలుపైనా తీయకుండా "లేవు సార్" అనేశాను. పక్క సందులో అప్పటికే పడ్డాయట. నా మాట నమ్మి సార్, మబ్బు వెళ్లే దారిలో ఉన్న డోర్నకల్ శిష్యుడికి ఉత్త వానేనని చెప్పారు. అతను గొర్రెలను చేనులోనే ఉంచాడు. సాయంత్రం రాళ్లు దంచికొట్టాయి. గొర్రెపిల్లలు చాలా చచ్చిపోయాయి.

మర్నాడు సార్ మా ఇంటికి వచ్చారు. తిడితే బాగుండేది. మంచినీళ్లు తాగి, "చూడలేదని చెప్పు బిడ్డా, తప్పు లేదు. చూడకుండ లేదని చెప్పకు" అన్నారు. డోర్నకల్ అతనికి పొరపాటు తనదేనని చెప్పుకున్నారట. నా పేరు ఎత్తలేదు. ఇక నన్ను అడగరనుకున్నాను. వారం తిరక్కుండానే ఫోన్ చేశారు. ఆ రోజు ఏడ్చేశాను.

సార్‌ను పూడ్చిన రోజు సమాధి దగ్గర చాలామంది శిష్యులు కనిపించారు. ఎవరిది ఏ ఊరో అడగాలని నాకు తోచలేదు. మా అందరినీ ఎరిగినది ఆయనొక్కరే.

నిన్న మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. మిషన్ ఆపి, తలమీద స్టీలు బేసిన్ పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. నిమ్మకాయలంత రాళ్లు పడ్డాయి. మబ్బు డోర్నకల్ వైపే కదిలింది. ఆ గొర్రెల అతని నంబరు నా దగ్గర లేదు. సార్ ఫోన్‌లో ఉంటుందని ఆయన నంబరుకే చేశాను.

ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. బేసిన్ మీద రాళ్ల మోతలో, అటు ఫోన్ మోగుతూనే ఉంది.