రోలరు మీద పెట్టిన దిక్సూచి

ఆయన్ని అందరూ రోలరు బాబాయ్ అనేవారు. ఇవాళ ముప్పై వేల మంది కూర్చుని క్రికెట్ చూసే స్టేడియంలో, ఆయన పనిలో చేరిన రోజున ముళ్ళకంపలూ, పగిలిన ఇటుకలూ తప్ప ఇంకేమీ లేవు. కంపలు కొట్టించి, బంకమట్టి పోయించి, నీళ్ళు పట్టి, ఇనుప రోలరు లాగి లాగి దానికో రూపం తెచ్చినవాడు ఈయనే. అరచేతులు చూపించమంటే చాలు, ఆ మైదానం చరిత్రంతా కాయలు కాసి కనిపించేది.

మొదట రేకుల షెడ్డు లేచింది. దానికే పెవిలియన్ అని గొప్పగా పేరు పెట్టి ఆటగాళ్ళు అందులో బట్టలు మార్చుకునేవారు. తర్వాత చెక్క బెంచీలు, ఆ తర్వాత సిమెంటు గ్యాలరీలు వచ్చాయి. ఏది కట్టినా ముందు మధ్యలో ఉన్న పిచ్ చూసి, దానికి సూటిగా గీత గీసుకుని కట్టారు. ఆ పిచ్‌కి మేకులు కొట్టింది బాబాయే. చిక్కంతా అక్కడే వచ్చింది.

పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకపోతే సాయంత్రం ఎండ నేరుగా బ్యాట్స్‌మన్ కళ్ళలో కొడుతుంది, బంతి కనబడదు. అందుకని ఇంజినీరు ఆయన చేతికి దిక్సూచి ఇచ్చి, తిన్నగా మేకులు కొట్టమని చెప్పి వెళ్ళాడు. ఆ రోజు మబ్బు పట్టింది, సూర్యుడి జాడ లేదు. నేలంతా బురద. దిక్సూచి కదలకూడదు కదా అని మనవాడు బుద్ధిమంతుడిలా దాన్ని రోలరు మీద పెట్టి, ముల్లు చూపించిన వైపుకి తాడు లాగి మేకులు దిగ్గొట్టాడు. ఇంజినీరు తిరిగొచ్చి చూసి శభాష్ అని కూడా అన్నాడు.

పదేళ్ళు గడిచాయి. ఫ్లడ్‌లైట్ల స్తంభాలకు కొలతలు తీయడానికి వచ్చిన సర్వేయరు, తన దిక్సూచి పట్టుకుని రోలరు పక్కనుంచి దూరంగా జరిగాడు.

"అదేంటి సార్, అంత దూరం పోతున్నారు?"

"ఇనుము పక్కనుంటే ముల్లు తిక్కతిక్కగా తిరుగుతుంది బాబాయ్. ఆ మాత్రం తెలియనివాళ్ళు ఎవరుంటారు?"

ఉన్నారు. ఒకాయన ఎదురుగానే నిలబడ్డాడు. బాబాయ్ రోలరు వంక ఒకసారి, పిచ్ వంక ఒకసారి చూశాడు. సర్వేయరు తన స్తంభాల పనేదో చూసుకుని వెళ్ళిపోయాడు. కానీ అప్పటికే గ్యాలరీలన్నీ లేచి నిలబడ్డాయి. పిచ్‌నైతే తవ్వి తిప్పవచ్చు, అంత సిమెంటుని ఎవరు తిప్పుతారు? ఒక్క భార్యకు తప్ప ఆయన ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచీ సాయంత్రాలు ఆయన ఆట చూడలేదు, బ్యాట్స్‌మన్‌ల నుదుళ్ళు చూశాడు. ఎవడైనా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ పూట అన్నం సయించేది కాదు. పాపం వాడు చెమట తుడుచుకున్నా సరే, ఈయనకు ముద్ద దిగేది కాదు. ఇలా ఇరవై ఏళ్ళు.

చివరికి అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఈ మైదానం పనికొస్తుందో లేదో తేల్చడానికి పరిశీలకురాలు వస్తోందని కబురొచ్చింది. ఆవిడ కాదంటే ఇన్నేళ్ళ కట్టుబడీ బూడిదలో పోసిన పన్నీరే. ఆ పొద్దున బాబాయ్ చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. భార్య అవి విప్పి మళ్ళీ పెట్టింది.

"వాళ్ళు కనిపెట్టేదాకా ఎందుకండీ? మీరే చెప్పేయండి."

"చెబితే తన్ని తగలేస్తారే!"

"తగలేస్తే ఇంటికొచ్చేయండి. మీ పక్కన ఇరవై ఏళ్ళుగా నాకూ నిద్ర లేదు."

పరిశీలకురాలు నీళ్ళు పోయే కాలువలు చూసింది, ఆటగాళ్ళ గదులు చూసింది. స్టేడియం సెక్రటరీ ఆవిడ వెనకే నవ్వు మొహంతో తిరిగాడు. పిచ్ దగ్గర ఆవిడ సంచిలోంచి దిక్సూచి తీయగానే బాబాయ్ ముందుకొచ్చాడు.

"అమ్మా, అది చూడకముందు ఒక్క మాట. ఈ పిచ్ వంకరగా ఉంది. తప్పు నాది." రోలరు సంగతి మొత్తం చెప్పేశాడు. సెక్రటరీ మొహం మీది నవ్వు మాయమైంది.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ముల్లు నిలకడగా ఆగేదాకా చూసి, కాగితం మీద రాసుకుంది.

"పధ్నాలుగు డిగ్రీలు పక్కకి పోయింది. దీనికి రెట్టింపు పోయినా మాకు అభ్యంతరం లేదండీ. మీ ఎండ బ్యాట్స్‌మన్ భుజం మీద పడుతుంది, కళ్ళలో పడదు."

బాబాయ్ గడ్డి మీద చతికిలబడి, పదిమందిలో ఉన్నానన్న స్పృహ కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంత హాయిగా ఉందో ఆయనకే తెలుసు. సెక్రటరీ పక్కనే కూలబడ్డాడు.

"నాతో ఒక్క ముక్క అని ఉంటే రూల్సు పుస్తకం తీసి చూసి చెప్పేవాణ్ణి కదా బాబాయ్! నా బీరువాలోనే ఉంది!"

మొదటి అంతర్జాతీయ మ్యాచ్ రోజు మధ్యాహ్నం, పిచ్ పని ముగించుకుని బాబాయ్ గ్యాలరీలో భార్య పక్కన కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక టిక్కెట్టు సీట్లో కూర్చోవడం అదే మొదలు.

"ఆ ఆడేవాడు మంచి ఆటగాడేనా?" అని అడిగింది ఆవిడ.

"ఏమోనే. ఇన్నాళ్ళూ ఎవడెలా ఆడాడో నేనెక్కడ చూశాను?"

"అయితే ఇప్పుడు చూడండి."

చూశాడు. బంతి గడ్డి మీదుగా దూసుకుపోయి సరిహద్దు తాడు దాటింది. జనంతోపాటు బాబాయ్ కూడా లేచి నిలబడి అరిచాడు. ఆ అరుపులకి మర్నాడు పొద్దున గొంతు పోయింది, కూలీలకు పని చేతి సైగలతో పురమాయించాడు.