ఏడో నంబరు బస్సులో ఎంబీఏ

పొద్దున్న చదివిన పాఠాన్ని పొద్దుగూకేలోగా ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే మా ఏడో నంబరు బస్సు కండక్టరుకు తిన్నది అరగదు. ఆరు నెలలు ఊళ్ళు పట్టుకు తిరిగి ఆరోజే వచ్చాను. బస్సు వంతెన ఎక్కుతుండగా వెనక సీటులో కునుకు తీస్తుంటే ఎవరో భుజం తట్టారు. చూస్తే అతనే. బాగున్నారా అని అడుగుతాడనుకున్నాను.

"తాతగారూ, మీ బలాలేంటి, బలహీనతలేంటి?"

"బలహీనత ఒకటే నాయనా, నీ బస్సెక్కడం."

"మరి బలం?"

"దిగిపోగలను."

బస్సంతా నవ్వింది. అతను మాత్రం ముందుకు తిరిగి, "ఆత్మపరిశీలన! మూడో అధ్యాయం!" అని కేకేశాడు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు.

నేను పడవలెక్కాను, గూడ్సు బళ్ళెక్కాను, ఒకసారి సర్కస్ వాళ్ళ లారీలో ఏనుగు పక్కన రెండు రోజులు ప్రయాణం చేశాను. ఆ ఏనుగు నన్నొక్క ప్రశ్న అడగలేదు. ఇతనలా కాదు. మూడేళ్ళ కిందట ఎంబీఏ పుస్తకాల కట్ట టికెట్ల సంచీలోకి వచ్చి చేరింది. అప్పటి నుంచి ఆ బస్సెక్కినవాళ్ళందరికీ పాఠాలే.

మార్కెటింగ్ చదివిన వారం ప్రయాణికుల్ని వర్గాలుగా విడగొట్టాడు. తొందరున్నవాళ్ళు కుడివైపు, లేనివాళ్ళు ఎడమవైపు. ఒక భార్యాభర్తలు చెరోవైపు కూర్చున్నారు. "పాతికేళ్ళ కాపురంలో ఈయన సంగతి ఇవాళ తేలింది" అందావిడ. ప్రోత్సాహం మీద పాఠం వచ్చినప్పుడు, దారికి అడ్డం లేకుండా లోపలికి జరిగినవాళ్ళకి చప్పట్లు కొట్టించాడు. ఒకాయన ఆ చప్పట్లకి మరిగి మూడుసార్లు దిగి ఎక్కాడు.

ప్రయోగం అవగానే కండక్టరు ముందుకు కేకేసేవాడు. డ్రైవరు హారన్ కొట్టేవాడు. రోడ్డు మీద మేకపిల్ల కూడా ఉండేది కాదు. ఒక్కోసారి రెండుసార్లు కొట్టేవాడు. అప్పుడు మా కండక్టరు పాఠమంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. డ్రైవరు అతనికి అక్క మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి. పాపం, బామ్మర్ది పోరు పడలేక విసుక్కుంటున్నాడనుకునేవాళ్ళం.

ఆరోజు మాత్రం కండక్టరు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"రెండింటికి పరీక్ష తాతగారూ. ఆఖరి పేపరు, ఆఖరి అవకాశం. ఇదీ పోతే పేరు కొట్టేస్తారు. మూడేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే."

అలా అన్నాడో లేదో బస్సు ఆగింది. వంతెన నడిమధ్య పరుపుల లారీ చెడిపోయింది. దాని డ్రైవరు మెకానిక్ కోసం ఎదురుచూస్తూ పైనున్న పరుపుల మీద హాయిగా నిద్రపోతున్నాడు. టైము ఒంటిగంటా పది.

"అరిచి లాభం లేదు. పని పంచుకోవాలి!" అని కండక్టరు కిందికి దూకాడు. "మీసాలాయనా, మీరు ఆపరేషన్స్, ముందు నెట్టండి. చెల్లెమ్మా, వెనక బళ్ళు ఆపు, నువ్వు ట్రాఫిక్. అమ్మమ్మా, సంచులన్నీ నీ దగ్గర. నువ్వు స్టోర్స్."

"స్టోర్సో గీర్సో, నా వక్కాకు సంచీ మాత్రం ఎవరికీ ఇవ్వను" అంది ముసలమ్మ.

"మరి నేను?" అన్నాను.

"మీరు పక్కన నిలబడి సలహాలివ్వండి."

"లారీల సంగతి నాకేం తెలీదే!"

"అందుకేగా. దాన్నే కన్సల్టెంట్ అంటారు."

పరుపుల మీద ఆసామిని లేపి స్టీరింగు ముందు కూలేశారు. నేను "నెట్టండి" అని సలహా ఇచ్చాను. అందరూ నెట్టారు. లారీ మూలిగి పక్కకు జరిగింది. ఈ విజయంలో సగం నాదేననిపించింది. ఆ ఉద్యోగంలో అలాగే అనిపిస్తుందట.

రెండింటికి పది నిమిషాలుందనగా డిపో చేరాం. ఎదురుగానే పరీక్ష రాసే కాలేజీ. అప్పుడు మా డ్రైవరు తన సీటు వెనక నుంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. కండక్టరు అతని జేబులో రెండు పెన్నులు గుచ్చి, చేతిలో హాల్ టికెట్ పెట్టాడు. దాని మీద ఫోటో డ్రైవరుది.

"అదేంటి, పరీక్ష నీకు కాదూ?" అన్నాను.

"నాకా! పదో తరగతి లెక్కల దగ్గరే చదువు నాకు దండం పెట్టేసింది. మా బావకి తాతగారూ. నడుం అరిగిపోయింది, వచ్చే ఏడు నుంచి డ్రైవింగ్ సీటు ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఈ డిగ్రీ ఉంటే ఆఫీసులో టైంటేబుళ్ళు వేసే పనిస్తారు. ఇంట్లో పుస్తకం తెరిస్తే గురకే. స్టీరింగు పట్టుకుంటేనే మహానుభావుడికి బుర్ర పనిచేస్తుంది. ఉత్తినే చదివితే ఎక్కదు. మీలాంటివాళ్ళ మీద చేసి చూపిస్తే గుర్తుంటుంది."

"మరి ఆ హారన్లు?"

"ఒకటైతే అర్థమైనట్టు. రెండైతే మళ్ళీ చెప్పమని."

డ్రైవరు నడుం పట్టుకుని గేటు దాకా వెళ్ళాడు.

"బావా! ఇందాక లారీ దగ్గర చేసిందే పదో అధ్యాయం! తెలిసిందా?" అని కండక్టరు రోడ్డదిరేలా అరిచాడు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. చెయ్యి గాల్లోనే హారన్ కోసం వెతికింది. దొరకలేదు. అటూ ఇటూ చూసి నోటితోనే, "పాం!" అన్నాడు.

ఒక్కసారే. కాపలావాడు ఉలిక్కిపడి దారిచ్చాడు.

నేనేదో మంచి మాట అనబోయి పక్కకు చూస్తే కండక్టరు లేడు. వెళ్ళొస్తానని కూడా అనకుండా రోడ్డు దాటిపోతున్నాడు. చెప్పాల్సిన పాఠాలన్నీ అయిపోయాయి కదా, ఇకనైనా ఊరుకుంటాడనుకున్నాను. అవతల చెప్పులు కుట్టేవాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, నీ బలాలేంటి, బలహీనతలేంటి?"