పేచీల డాక్టరు పరీక్ష

పేచీల డాక్టరుకు ఒకటే జబ్బు. రోగితో తగువు పెట్టుకోనిదే మంచం దాటడు. అదీ మామూలు రోగులతో కాదు, క్యాన్సరు ముదిరి ఇక నయం కాదని తేలినవాళ్లతో. పాటలు పాడే ఆవిడకు శ్రుతి తప్పిందనేవాడు. వంటాయనకు ఉప్పు వేయడం రాదనేవాడు. తిట్లు గట్టిగా పడిన రోజు ఈల వేసుకుంటూ పోయేవాడు.

"పోయేవాళ్లతో పోట్లాటేమిటండీ?" అంటే, "పోయాక కుదరదుగా," అనేవాడు.

కొత్త నర్సుకు ఆయనంటే ఒళ్లుమంట. రోగుల రోజులు ఎలా గడుస్తున్నాయో అడిగి మార్కులు వేయడం ఆమె పని. నిద్ర, నొప్పి, ఆకలి, దిగులు. కిటికీ పక్క మంచం మీది ముసలి దర్జీ అన్నిటికీ "బాగానే ఉందమ్మా" అనేశాడు. ఆమె సంబరంగా మార్కులు కుమ్మరించింది.

డాక్టరు ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు. "ఇన్ని మార్కులు నాకే రావు. కీమో సంగతి అడిగావా?"

"మళ్లీ ఎక్కించమని వాళ్లబ్బాయి పట్టుబడుతున్నాడు సార్. ఈయనేమో నీ ఇష్టం అంటున్నారు."

డాక్టరు తిన్నగా దర్జీ ముందుకెళ్లి తన తెల్లకోటు సవరించుకున్నాడు. "పెద్దాయనా, ఇలాంటి కుట్టు మీ జన్మలో కుట్టి ఉండరు."

నర్సుకు తల కొట్టేసినట్టయింది. దర్జీ కళ్లు తెరిచాడు. "అదీ ఒక కుట్టేనా? చంక దగ్గర చూడండి, గోనెసంచి నయం."

"మాటలు కోటలు దాటుతాయి. కుట్టి చూపించండి."

"సూదులు పొడిపించుకుంటూ ఇక్కడ పడుంటే ఎలా కుట్టను? నా మిషను ఇంట్లో ఉంది. నాకీ మందొద్దు. ఇంటికి పంపండి, చూపిస్తా."

మంచం పక్కనే నిలబడ్డ కొడుకు బిత్తరపోయాడు. "ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు ఏడుస్తావని."

కొడుకు అక్కడే ఏడ్చేశాడు.

"చూశారా, ఇందుకే," అని విసుక్కున్నాడు దర్జీ.

నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపారు. డాక్టరు వారం వారం వెళ్లి చూసొచ్చేవాడు. ఒకసారి నర్సునూ వెంటబెట్టుకెళ్లాడు. గుమ్మం ముందు ఆగి, అటూ ఇటూ చూసి, దర్జీ కుట్టిచ్చిన తన చొక్కా గుండీ పుటుక్కున తెంపాడు. ఆమె నోరెళ్లబెట్టింది.

"ఏం కుట్టారండీ? గుండీ నిలవదు," అంటూ లోపలికి జొరబడ్డాడు.

"మనిషికనుకుని కుట్టాను, దున్నపోతుకని తెలీదు," అన్నాడు దర్జీ. అప్పటికే దిండుకు ఆనుకుని కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

దర్జీ భార్య నర్సు చెవిలో గుసగుసలాడింది. "పోయినసారి జేబు చింపుకొచ్చారమ్మా. ఈయన తిట్టుకుంటూనే కడుపునిండా తిన్నారు."

"ఆయనకు తెలీదా, కావాలనే చింపుకొస్తున్నారని?"

"ఊడిందో పీకిందో దర్జీకి తెలీదా? డాక్టరుగారు చిన్నబుచ్చుకుంటారని పైకి అనరు."