పసుపచ్చ సంచి ఉన్న అట్ట

నవల అట్ట మీద ఏడుస్తున్న ఆడమనిషి మొహం కనబడితే ఆ నవలను నేను చేత్తో కూడా ముట్టుకోను. వెనకాల అస్తమిస్తున్న సూర్యుడు, పక్కన పగిలిన అద్దం కూడా ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఒకడు ఒళ్లు హూనం చేసుకుని మూడు వందల పేజీలు రాస్తే, దాని మీద కిరాణా కొట్టు కేలండర్ బొమ్మ లాంటిది అంటించి బజారులోకి తోయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే ముఖచిత్రాలు చేయడం మొదలుపెట్టాను.

సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు పిలిచి ఇస్తున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు పనులు చేసే ఆఫీసులో ఉండేవాణ్ణి. కంప్యూటర్ తెర మీద ఏ గడి ఎక్కడ ఉండాలో, ఏ అక్షరం ఎంత సైజులో ఉండాలో చూడటం నా పని. వారమంతా ఆ బూడిదరంగు గడులతో గడిపి, శని ఆదివారాల్లో విజయవాడలోని ఒక చిన్న ప్రచురణకర్తకు అట్టలు చేసి మెయిల్లో పంపేవాణ్ణి. ఇరవై దాకా చేసి ఉంటాను. అందులో నిజంగా మంచిది ఒక్కటే. దానితోపాటు నేనాడిన అబద్ధం ఒకటి ఉంది. ఆ అబద్ధం వల్ల ఒకామె ఉద్యోగం పోయింది.

బిషాన్‌లో నేనూ, నాకంటే ఏడేళ్లు చిన్నవాడైన ఒక కాకినాడ కుర్రాడూ కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. కుర్రాడంటున్నానుగానీ అతనికి పెళ్లయి, ఒకటో తరగతి చదివే కూతురుంది. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. అతని ఆఫీసు కూడా ఆ పార్కులోనే, మా బిల్డింగుకు రెండు వీధుల అవతల. అతనికి అక్కడే స్థిరంగా ఉండిపోవడానికి పీఆర్ వచ్చేసింది. ఇక భార్యనూ పాపనూ తెచ్చుకోవడమే మిగిలింది. ఆవిడ కాకినాడ దగ్గర ఒక ఎయిడెడ్ స్కూల్లో టీచరు. ఆ పోస్టులు ఎంత గట్టివో, ఒకసారి వదిలితే మళ్లీ ఎంత దొరకనివో తెలిసినవాళ్లకు తెలుసు. ఆవిడ రాజీనామా ఇచ్చి రావాలి. ఎప్పుడు ఇవ్వాలన్నదే ప్రతి ఆదివారం వాళ్ల ఫోన్లలో మాట.

అతను రోజూ వండుకుని కేరేజీ పట్టుకెళ్లేవాడు. దానికో సంచి. పాపకు పట్టులంగా కుట్టగా మిగిలిన గుడ్డతో భార్య కుట్టి పంపింది. ముదురు పసుపచ్చ రంగు, పట్టుకునే చోట ఆకుపచ్చ అంచు. నల్ల లాప్‌టాప్ బ్యాగుల మధ్య రైల్లో అది దూరం నుంచే కనబడేది. "ఏమయ్యా, ఆఫీసుకా, పెళ్లికా?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "మా ఆవిడ కుట్టిందండి గురువుగారూ, ఇది పట్టుకుంటే అన్నం చల్లారదు" అనేవాడు.

ఆ రోజుల్లోనే ప్రచురణకర్త ఒక నవల పంపాడు. ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో చెప్పలేక రోజూ పొద్దున్నే తయారై బయటికి పోయి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చుని తిరిగొచ్చే కథ. రచయితకు అట్ట మీద కన్నీళ్లతో ఉన్న మొగాడి మొహం కావాలట. ఆడవాళ్ల ఏడుపు అయిపోయింది, ఇప్పుడు మొగాళ్లది మొదలైందా అని విసుక్కున్నాను. మొహం వేయనని చెప్పాను. మరి ఏం వేస్తావని అడిగాడు ప్రచురణకర్త. రెండు వారాలు ఏ గీత గీసినా నచ్చలేదు.

ఒక బుధవారం పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి ఆలస్యంగా ఆఫీసుకు బయలుదేరాను. మా పార్కుకు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్‌లో దిగేసరికి పదకొండు దాటింది. పొద్దున తోసుకునే జనంతో ఉండే ప్లాట్‌ఫాం అప్పుడు ఖాళీ. చివరి బెంచీ మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. పక్క సీట్లో పసుపచ్చ సంచి. అక్కడి తిండి కొట్ల హాకర్ సెంటర్లో టిష్యూ పేకెట్ పెట్టి సీటు చోప్ చేస్తారు, మనం బస్సులో రుమాలు వేసినట్టు, అలా ఎవరి కోసమో చోటు పట్టి ఉంచినట్టు ఉంది. చుట్టూ అంతా సిమెంటు, ఉక్కు. రంగు అన్నది ఆ ఒక్క సంచిలోనే ఉంది.

ఉన్నదున్నట్టు చెప్పాలి. ముందు నేను బొమ్మను చూశాను, మనిషిని తర్వాత చూశాను. జేబులోని చిన్న కెమెరా తీసి మూడు ఫోటోలు తీసుకున్నాక అప్పుడు చూశాను, అతని మెడ వెనక ఏమీ లేదని. ఆ పార్కులో పని చేసేవాళ్లందరికీ ఐడీ కార్డు వేలాడే పట్టీ ఉంటుంది. అతనికి లేదు. కేరేజీ విప్పనట్టుగా సంచి నిండుగా కూర్చుని ఉంది. అతని ఆఫీసు అక్కడికి ఐదు నిమిషాల నడక. నాకు అర్థమైపోయింది. పిలవకుండా ఎస్కలేటర్ దిగి నా ఆఫీసుకు వెళ్లిపోయాను.

సాయంత్రం ఏడున్నరకు మామూలుగా వచ్చి కేరేజీ కడుక్కున్నాడు. "ఇవాళంతా మీటింగులతోనే సరిపోయిందండి గురువుగారూ" అన్నాడు. "అలాగా" అన్నాను.

అతని ప్రాజెక్టు మొత్తం పుణెకు తరలిపోయిందని, అతన్ని తీసుకెళ్లలేదని తర్వాత వేరే వాళ్ల ద్వారా విన్నాను. ఉద్యోగాలు లేని కాలంలో ఉద్యోగం పోతే నలుగురూ అయ్యో అంటారు. అప్పుడు మాత్రం ఎవరిని కదిపినా చేతిలో రెండు ఆఫర్లు. అలాంటి కాలంలో పోయిందంటే వీడిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. అందుకే అతను చెప్పలేదు. అతను చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదు. మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగితే ఆ ఫోటో వాడుకోలేనన్న సంగతి కూడా లోపల తెలుసు.

ఆ శనివారం పొద్దున కూర్చుని సాయంత్రానికల్లా అట్ట పూర్తి చేశాను. ఫోటోలో రంగంతా తీసేసి బూడిదరంగు చేశాను, సంచిని మాత్రం వదిలేశాను. మనిషిని పేజీ అడుగుకు దింపి, పైన మూడొంతులు ఖాళీగా ఉంచాను. ఆ ఖాళీయే అతని మెడను వంచుతున్నట్టు వచ్చింది. కంప్యూటర్‌లో దొరికే తెలుగు అక్షరాలు అప్పట్లో పెళ్లిపత్రికలకే పనికొచ్చేవి, అందుకని నవల పేరు కుంచెతో నేనే రాసి, ఒక మూల చిన్నగా పెట్టాను. మొహం లేదు, కన్నీరు లేదు. అయినా కథంతా అందులో ఉంది. వీపు ఎవరిదైనా ఒకటే, ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను. అతను అప్పుడు పక్క గదిలో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు, సోమవారం కోసం.

నాలుగు నెలలకు పుస్తకం అచ్చయింది. రచయిత కన్నీళ్ల సంగతి మరిచిపోయి ఫోన్లో నన్ను ఆకాశానికెత్తాడు. ఒక పత్రికవాళ్లు ఆదివారం పుస్తకాల పేజీలో అట్టను రంగుల్లో వేశారు. నాకు వచ్చిన రెండు కాపీలు బీరువాలో చొక్కాల కింద పెట్టాను. ఆ నాలుగు నెలలూ అతను ఒక్క రోజు తప్పకుండా సంచి పట్టుకుని బయలుదేరుతూనే ఉన్నాడు.

ఇంకో రెండు వారాలకు, ఒక ఆదివారం పొద్దున ఫ్లాట్‌లో ఫోన్ మోగింది.

"అన్నయ్యగారాండి? నేనండి, కాకినాడ నుంచండి."

"అతను లేడమ్మా, కూరలకని మార్కెట్టుకు వెళ్లాడు."

"తెలుసండి. ఆదివారం ఈ వేళకి ఉండరనే చేశానండి." కొంచెం ఆగి అంది. "పేపర్లో పుస్తకం బొమ్మ చూశానండి. ఆ సంచి నేను కుట్టిందండి. పుస్తకం తెప్పించుకున్నాను. లోపల ముఖచిత్రం అన్నచోట మీ పేరుంది. ఎంత బాగా వేశారండి. ఆయన మెడ వాల్చి కూర్చునే తీరు అచ్చంగా దింపేశారు."

అతను వచ్చేస్తాడేమోనని తలుపు వంక చూశాను.

"నవల కూడా చదివానండి" అంది. "రేపు స్కూల్లో రాజీనామా ఇవ్వాలండి. పాప అడ్మిషను చూడాలి గదా. సెలవు అడిగితే కుదరదన్నారు. ఇచ్చేస్తే మరి ఆ పోస్టు మళ్లీ రాదండి. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆయన ఆఫీసుకే వెళ్తున్నారాండి?"

ఇంత తిన్నగా నన్ను ఎవరూ ఏదీ అడిగి ఉండరు. లేదమ్మా, రాజీనామా ఇవ్వకు అంటే సరిపోయేది. ఆ మాట అంటే, ఎప్పటినుంచి తెలుసని ఆవిడ అడుగుతుంది. తెలిసీ నెలల తరబడి నోరు మూసుకుని, ఆ వీపును పుస్తకానికి అట్టగా వేసుకున్నానని ఒప్పుకోవాలి. అతని గుట్టు కాపాడటానికి అబద్ధమాడానని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. నా పరువు కోసమే ఆడాను.

"ఆ రోజు అతనికి సెలవమ్మా" అన్నాను. "బొమ్మ కోసం నేనే రమ్మని, అలా కూర్చోబెట్టాను."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "అంతేనాండి. నేనేవేవో అనుకుని రెండ్రోజులుగా అన్నం తినలేదండి. నేను అడిగానని ఆయనకి చెప్పకండేం, చిన్నబుచ్చుకుంటారు."

అతను తోటకూర కట్టలతో వచ్చాక పుస్తకం తీసి ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. ఆ కోపం నాకు కావాలి కూడా.

"సంచి రంగు బాగా వచ్చిందండి" అన్నాడు.

ఆవిడ ఫోన్ చేసిందనీ, ఏం అడిగిందో, నేనేం చెప్పానో మొత్తం చెప్పాను. "రేపు రాజీనామా ఇచ్చేస్తుంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆపవయ్యా" అన్నాను.

"గురువారం ఫైనల్ ఇంటర్వ్యూ ఉందండి. ఇది వచ్చేసినట్టే" అన్నాడు. పుస్తకం మీద చేయి తియ్యలేదు. "అప్పుడిక చెప్పేదేం ఉండదు గదండి. మీరు మంచి పని చేశారు."

ఫోన్ మా ఇద్దరి మధ్యనే ఉంది. అతను తియ్యలేదు, నేనూ తియ్యలేదు. తోటకూర పులుసు పెట్టుకుని తిన్నాం. మర్నాడు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా, కాకినాడలో బడి మొదలయ్యే వేళ అయిందని గడియారం చూసి లెక్క వేసుకున్నాను. ఆపడానికి అప్పుడు కూడా టైముంది.

సోమవారం ఆవిడ రాజీనామా ఇచ్చేసింది, గురువారం అతని ఇంటర్వ్యూ పోయింది. టికెట్లు కొనేశారు కాబట్టి ఆవిడా పాపా వచ్చారు. టాంపనీస్‌లో ఒక గది తీసుకుని అతను మా ఫ్లాట్ ఖాళీ చేశాడు. వాళ్లొచ్చాక కూడా పద్దెనిమిది రోజులు సంచి పట్టుకుని బయలుదేరాడట. పంతొమ్మిదో రోజు ఆవిడ పాపను తీసుకుని, ఎవరినీ దారి అడగకుండా, పుస్తకం అట్ట చేత్తో పట్టుకుని, అతను ఆఫీసుకని దిగే ఎక్స్‌పో స్టేషన్‌కు వెళ్లింది. అదే బెంచీ మీద ఉన్నాడు. ఇదంతా ఆవిడే నాకు చెప్పింది.

ముగ్గురూ కాకినాడకు తిరిగి వెళ్లిపోయే ముందు, వాళ్లు వాడుకోవడానికి తీసుకున్న నా కుక్కర్ ఇచ్చేయడానికి ఆవిడ ఒక్కతే వచ్చింది. కుక్కర్‌ను ఆ సంచిలోనే పెట్టుకుని తెచ్చింది. బయటికి తీసి వంటింటి గట్టు మీద పెట్టి, సంచిని నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుంది. కాఫీ ఇస్తానంటే వద్దంది.

"ఆయన మీద నాకు కోపం లేదండి, భయంతో చేశారు" అంది. "మీరు ఆయన్ని అంత బాగా చూశారు గదండి. మెడ కూడా సరిగ్గా చూశారు. నేను అడిగినప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఊళ్లో ట్యూషన్లు చెబుతోందని, అతను అన్నగారి ఎరువుల కొట్లో కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. నేను ఫోన్ చేయలేదు.

ఏడాదిన్నరకు ప్రచురణకర్త నుంచి మెయిల్ వచ్చింది. నవల రెండో ముద్రణకు వెళ్తోంది, అట్ట అలాగే ఉంచుదాం, నీ దగ్గరున్న ఫైలు పంపు అన్నాడు. ఆ శనివారం ఫైలు తెరిచి ముందుగా సంచిని చెరిపేశాను. బెంచీ ఉంది, మనిషి ఉన్నాడు, ఖాళీ ఉంది. ఏ స్టేషన్లోనైనా రైలు కోసం చూసే ఎవడో ఒకడు. సంచి రంగు మార్చి చూశాను, నీలం, ఎరుపు. చవగ్గా ఉన్నాయి. ఆవిడ కుట్టిన ఆ రంగు లేకపోతే ఆ బొమ్మలో ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

సంచి ఉన్నదే పంపాను.