గొట్టంలో జీవామృతం

నేను కాలుష్య నియంత్రణ ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, పనంటే ఏదో ఒకటి చెయ్యడమేనని లోకమంతా నమ్మేది. ఇప్పటికీ అదే నమ్ముతోందనుకోండి. నేను మాత్రం ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండడం కూడా పనేనని దర్శి రోడ్డులో ఒక పల్లె మొత్తంతో పోట్లాడాను. (మళ్లీ పోట్లాడమన్నా సిద్ధమే.) సంగతేమిటంటే, ఆ ఊరి పెట్రోలు బంకులో నేలలో పాతిన ట్యాంకు చిల్లుపడి, డీజిలంతా పక్కనున్న పెద్దమ్మ మిరప చేను కిందికి దిగింది. (పెద్దమ్మ నాకేమీ కాదు, ఊరందరికీ పెద్దమ్మే.) ఆవిడ బోరు నీళ్లు దీపంలో పోస్తే వెలుగుతాయేమో అన్నంత వాసన. ట్యాంకు మార్చారు, బాగా తడిసిన మట్టి ఎత్తేశారు, తాగడానికి ట్యాంకరు నీళ్లు పంపారు. ఇక మిగిలింది లోపలి మట్టికి పట్టిన డీజిలు. "పొక్లెయిన్ పెట్టి చేనంతా తవ్వి పారబోయించండి సార్, ఏదో ఒకటి చేసినట్టు జనానికి కనపడాలి గదా" అని బంకాయన మా ఆఫీసు పెద్దసారు చెవిలో పోరు మొదలెట్టాడు. ఆ నల్లరేగడి పోతే పెద్దమ్మకి మిగిలేది గొయ్యి. ఆవిడకున్నది ఆ చేనొక్కటే.

తవ్వొద్దన్నాను. మట్టిలో పుట్టిన సూక్ష్మక్రిములే డీజిలును మెల్లగా తినేస్తాయి, బోరు ఆపి, చేను బీడు పెట్టి, తగ్గుతోందో లేదో చూసుకుంటే చాలన్నాను. చేలో అక్కడక్కడా సన్నటి గొట్టాలు దింపి, నెలనెలా వచ్చి నీళ్లు తోడి సీసాల్లో పట్టుకెళ్లేదాన్ని. తోడగానే ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని కూడా. (పెట్టుకోకూడదు. ఆగలేకపోయేదాన్ని.) దాంతో నా పేరు 'వాసన మేడం' అయింది. "పురుగు చావాలని మేం మందు కొట్టీ కొట్టీ చస్తంటే, ఈమె పురుగుల్ని మేపుద్దంటరా!" అని టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వులు. "అవును, మేపుతాను. మీకేంటి నష్టం?" అని అక్కడే నిలబడి, ఒళ్లు మండుతున్నా, టీ మొత్తం తాగి మరీ వచ్చాను.

నన్ను నమ్మింది పెద్దమ్మ ఒక్కతే. "ఏమ్మాయ్, ఇంకా ఎన్నాళ్లు తింటయ్యే అయ్యి?" అని ఒకసారి అడిగింది. "నిదానంగా తింటాయి పెద్దమ్మా, కాస్త నీరసంగా ఉన్నాయి" అని ఏదో సరదాకి అన్నాను. మళ్లీ నెల, చేను సంగతి తేల్చడానికి పెద్దసారు వచ్చాడు. బంకాయన ముందుచూపుతో పొక్లెయిన్ తెప్పించి గట్టున నిలబెట్టాడు. నేను ఠీవిగా పెద్దమ్మ ఇంటి వైపు గొట్టంలోంచి నీళ్లు తోడాను. గోధుమరంగు నీళ్లు, గొడ్లచావిడి కంపు! నీళ్లలో గాలి కొలిచే మీటరు సున్నాకి పడిపోయింది. "నీ క్రిములు డీజిలు తింటున్నాయో లేదో గానీ, పేడ మాత్రం వేస్తున్నాయమ్మా" అన్నాడు పెద్దసారు.

"పెద్దమ్మా, ఇందులో ఏం పోశావ్?"

"జీవామృతం. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి కలిపి నానబెట్టి పోశా. నీరసంగా ఉన్నయ్యన్నావుగా! పోయినేడు మిరపకి పోస్తే ఎట్టా లేచిందనుకున్నావ్!"

"బెల్లం పెడితే ఇక డీజిలు ఎందుకు తింటాయి పెద్దమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాను. ఇంతలో బంకాయన, "ఒరేయ్, ఎక్కరా బండి!" అని డ్రైవర్ని కేకేశాడు. నాకెక్కడి కోపం వచ్చిందో, తోడిన నీళ్ల సీసా చేత్తో పట్టుకునే వెళ్లి పొక్లెయిన్ ముందు మట్టిలో చతికిలబడ్డాను. "ఆ ఒక్క గొట్టంలో ఉన్నది పెద్దమ్మ ప్రేమ సార్! దీన్ని పక్కన పెట్టి మిగతావి చూడండి. నెలనెలా తగ్గుతూనే ఉంది. చూడకుండా తవ్వేట్టయితే నా మీంచే తవ్వండి" అని అరిచాను. పెద్దమ్మ కొంగు బిగించి వచ్చి నా పక్కనే కూలబడింది. "పోసింది నేను. ముందు నన్ను తవ్వు." ఆవిడ చేతి పచ్చడి మెతుకులు తిని పెరిగిన ఆ డ్రైవరు, తాళం జేబులో వేసుకుని టీకి వెళ్లిపోయాడు. పెద్దసారు నసుగుతూనే మిగతా గొట్టాల ఫలితాలన్నీ చూశాడు, మళ్లీ చూశాడు, చివరికి "సరే, ఆగుదాం" అన్నాడు.

ఆగాం. చేను బాగుపడింది, బోరు నీళ్లు పరీక్షలో నెగ్గాయి. ఆ రోజు పెద్దమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏ వాసనా లేదే! మరి ఇక నువ్వెందుకొస్తావే మా ఊరు?" అంది.

ఇప్పుడు నేనే పెద్దమేడాన్ని. పొక్లెయిన్ ముందు కూర్చోవడం సులువే, నన్ను లేపడానికే ఇద్దరు మనుషులు కావాలి. పెద్దమ్మ మాత్రం ఏటా ఆ చేను ఎండుమిర్చి ఒక సంచి పంపిస్తుంది. ఇంట్లో ఎవరూ చూడకుండా మూతి విప్పి, ముఖమంతా పెట్టి, గట్టిగా వాసన చూస్తాను. వరసగా తుమ్ములొస్తాయి, కళ్లలో నీళ్లొస్తాయి. డీజిలు మాత్రం రాదు.